ఐదో ఘటం

కదలదు. ఈ బస్సు ఇవాళ కదలదు. ముందు ఒక కంటైనర్ లారీ రోడ్డుకి అడ్డంగా చతికిలబడింది, టైరు పేలిందో ఇరుసు విరిగిందో, డ్రైవరు దిగి దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు, దాని వెనక మేము, మా వెనక కంచరపాలెం మొత్తం. టైము మూడుంపావు. నాలుగున్నరకి భూస్థాపన. మామ్మ పొద్దున్న ఆరున్నరకి పోయింది, గాజువాకలో, మా ఇంట్లో. నా భార్య సుధారాణి గంజి గ్లాసు పట్టుకెళ్ళి లేపితే లేవలేదు. అమ్మా, చెల్లీ, సుధా మామ్మని వేన్‌లో తీసుకుని జాలరిపేట వెళ్ళిపోయారు. నేను డాక్టరు కాగితం కోసం ఉండిపోయాను, సమాధుల తోటలో పెట్టాలంటే కాగితం కావాలి, ఎనభై రెండేళ్ళ మనిషి ఊపిరి లేకుండా పడుకుంటే చాలదు, పోయిందని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. పొద్దున్న వచ్చి చూసి వెళ్ళిన డాక్టరు ఆ సంతకం మధ్యాహ్నం రెండింటికి పెట్టాడు. పేరేంటన్నాడు. చిలకమ్మ అన్నాను, మార్త అని కూడా రాయండి అన్నాను, రెండు పేర్లు రాయం అన్నాడు. పోనీలే. బాప్తిస్మంలో మార్త అని పెట్టారు గానీ చేపల గంప దగ్గర ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు, మందిరంలో ఎవరైనా మార్తమ్మా అంటే మామ్మే వెనక్కి తిరిగి చూసేది, ఎవర్ని పిలుస్తున్నారా అని.

పక్క సీటాయన ఫోన్‌లో ఏవో వీడియోలు చూస్తున్నాడు, సౌండు పూర్తిగా పెట్టి, ఎవరో పడతారు, ఎవరో నవ్వుతారు, మళ్ళీ పడతారు. తగ్గించండి అంటే ఒక్క గీత తగ్గించాడు. ఈ ఒక్కగీత మనుషులతోనే నా బతుకంతా. పాస్టరు ఉదయ్‌కుమార్ కూడా ఒక్క మాటే అడిగాడు. షీలానగర్ దగ్గరుండగా ఫోన్ చేశాడు, పాపం మంచివాడు, చిన్నవాడు, నాకంటే పదేళ్ళు చిన్న, అయ్యగారూ అని పిలవడానికి నాకే నామోషీ. ‘బ్రదర్, పెద్దలు కూచున్నారు. తాతగారి పక్క జాగా ఇవ్వడానికి అందరూ సిద్ధమే. ఆవిడ ఆఖర్లో ఒప్పుకున్నారని మీరొక్క మాట సెప్తే సాలు. దగ్గరున్నది మీరే కదా. నాలుగు లోపల ఏదో ఒకటి సెప్పండి, తవ్వీవోళ్ళు ఎదురు సూత్తన్నారు.’ బస్సులో ఉన్నాను, వచ్చి మాట్లాడతాను అన్నాను. వచ్చి మాట్లాడతానట. ఎలా వస్తాను, ఈ లారీ మీంచి ఎగిరి వస్తానా. నడిచిపోదామంటే ఇంకా సగం ఊరు దాటాలి. ఆటోలు కూడా మాతోపాటే ఇరుక్కున్నాయి.

ఒప్పుకోవడం. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మా మందిరంలో, మా అంటున్నాను గానీ నేను వెళ్ళేది క్రిస్మస్‌కే, గంగమ్మ పండక్కి కూడా వెళతాను, రెండుచోట్లా భోజనం చేస్తాను, నెలకి మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ప్రభువు బల్ల. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. తప్పు చేసినవాళ్ళని బల్లకి దూరం పెడతారు, సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకుంటే మళ్ళీ కలుపుకుంటారు. తాగొచ్చినవాళ్ళు రెండో నెలకల్లా ఒప్పుకుని కలిసిపోతారు, మళ్ళీ తాగుతారు, మళ్ళీ ఒప్పుకుంటారు, వాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. మామ్మ పంతొమ్మిదేళ్ళు ఒప్పుకోలేదు. మంచం పట్టేదాకా ఒక్క ఆదివారం మానలేదు కూడా. బల్ల తీసుకోనివాళ్ళు కూర్చునే చోటు వేరే, గుమ్మం పక్కన, చెప్పులు విడిచే దగ్గర, చివరి చాప. అక్కడే కూర్చునేది. పాటలో మొదటి చరణం ఆవిడ గొంతే అందరికంటే పైకి లేచేది. శనివారం సాయంత్రం వెళ్ళి మందిరం తుడిచేది, ఆ బల్లని తడిగుడ్డతో తుడిచి, పైన తెల్లగుడ్డ పరిచి వచ్చేది. మర్నాడు దాని మీది రొట్టె అందరికీ వెళ్ళేది, ఆవిడ దాకా వచ్చేసరికి పళ్ళెం పక్కకి తిరిగేది. చిన్నప్పుడు కాదు, పెద్దయ్యాక చూశాను అది, పాతికేళ్ళవాణ్ణి, వెనక నిలబడి. పళ్ళెం పట్టుకున్నవాడు ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ మాత్రం పళ్ళెం ఎటు వెళుతోందో అటే చూస్తోంది. ఆ రోజు మందిరంలోంచి లేచి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆవిడే నన్ను తిట్టింది, ప్రార్థన అవకుండా మధ్యలో లేస్తావా అని.

బల్లలో లేనివాళ్ళకి తోటలో జాగా లేదు. రాసి ఉందో లేదో తెలీదు, ఆనవాయితీ. తాత ఆ తోటలోనే ఉన్నాడు, గోడవారన, కానుగ చెట్టు దగ్గర. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు, అప్పటికి మామ్మ ఇంకా బల్లలోనే ఉంది.

ఎంత మొండిది. ఎంత మొండిదో ఎవరికీ తెలీదు, నాకు తెలుసు. చేపలు అమ్ముకునే మనిషి ఆదివారం చేపలు అమ్మదు. విశాఖపట్నంలో ఆదివారం చేపలమ్మని చేపలావిడ మా మామ్మ ఒక్కతే అయుంటుంది. ఆవిడ దగ్గర కొనే ఇళ్ళవాళ్ళు నవ్వేవారు, మంగళవారం మేం తినం, శనివారం మేం తినం, ఆదివారం నువ్వమ్మవు, ఇంక నీ చేపలు ఎప్పుడు తినాలే చిలకమ్మా అని. ‘సోమారం వత్తాను బాబూ, సోమారం సేప పరిశుద్దంగా ఉంటాది’ అనేది. ఆదివారం పొద్దున్న పేటంతా గంపలెత్తుకుని బయల్దేరితే మేము తెల్లబట్టలు కట్టుకుని కూర్చునేవాళ్ళం, ఆ మధ్యాహ్నం మాకు చారన్నం. అమ్మకి అది మంట. అమ్మ, గంగాలమ్మ, బాప్తిస్మం తీసుకోలేదు, ఇప్పటికీ గంగమ్మకే మొక్కుతుంది. అత్తాకోడళ్ళు దేవుడి గురించి ఒక్కనాడూ పోట్లాడుకోలేదు, ఆ చారు గురించి మాత్రం ప్రతి వారం పోట్లాడుకున్నారు.

చదువు రాదు మామ్మకి. బైబిలు మాత్రం ఉంది, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టెలో అన్నిటికంటే పైన. సాయంత్రం చింతపండుతో చేతులు తోముకునేది, వాసన చూసుకునేది, ఇంకా నీసుందనుకుంటే మళ్ళీ తోముకునేది, అప్పుడు తీసి నా ఒళ్ళో పెట్టేది. నాకు బయట గోళీలాట. గబగబా చదివి మధ్యలో రెండు వచనాలు మింగేసేవాణ్ణి. ‘ఒరే అప్పలరాజూ, మజ్జిలో ఏటో మింగీసావు. ఎనక్కెల్లు.’ ఎలా తెలిసేదో. ఒక్కసారి విన్నది ఆవిడ చెవిలోంచి పోయేది కాదు. చదవడం అయ్యాక ప్రార్థన, అది ఇంకా ఘోరం, పేటవాళ్ళతో మొదలుపెట్టి తన చేపలు కొనే ఇళ్ళన్నీ వరసగా తిరిగొచ్చేది, మేడ మీది మేష్టారి మోకాలు, మూలింటి కోడలి కడుపు, వాచ్‌మన్ కొడుకు పరీక్ష. ఆకలికి నా కడుపులో పేగులు అరిచేవి. నా మోకాలు గురించి, నా పరీక్ష గురించి చివర్లో గానీ వచ్చేది కాదు, నేను పరీక్ష తప్పినప్పుడు ఆవిడతో అన్నాను కూడా, ఆ వాచ్‌మన్ కొడుకు పాసయ్యాడు చూడు, నువ్వు వాడికి ముందు చెప్పావు అని. నవ్వి నెత్తిన మొట్టింది.

హారన్లు. ఎందుకు కొడతారో తెలీదు, హారన్‌కి లారీ లేచి నడుస్తుందా. మూడున్నర. కిటికీలోంచి పెట్రోలు కంపు, బొగ్గు దుమ్ము. నా చేతిలో డాక్టరు కాగితం చెమటకి మెత్తబడుతోంది, మడిచి జేబులో పెట్టుకున్నాను. అక్కడ మామ్మ ఐసు పెట్టెలో ఉంటుంది. నలభై ఏళ్ళు చేపల మీద ఐసు కొట్టిన మనిషి. సుధా ఫోన్‌లో అంది, అందరూ వచ్చేశారు, మీకోసమే చూస్తున్నారు అని. నాకోసం కాదు. నా మాట కోసం.

ఘటం నాకోసం మోసింది. అదీ సంగతి. నాకు పదిహేడేళ్ళప్పుడు. నాన్న అప్పటికింకా ఉన్నాడు, గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద. అమ్మకి లేకలేక చెల్లి సూర్యకళ పుట్టి మూడో రోజు, పురిట్లో ఉంది. తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారు, వెళ్ళొద్దన్నారు, మామ్మ కూడా వెళ్ళొద్దంది. మా వీధి పోతమ్మత్త, వరసకి అత్త, ఆవిడ కొడుకు రాము అన్నాడు, గాలి రావడానికి ఇంకా రెండ్రోజులుంది బావా, ఎవరూ వెళ్ళనప్పుడు వెళితే వల నిండా మనకే. ఐదుగురం వెళ్ళాం, ఐదిళ్ళ కుర్రాళ్ళం, ఒక్క నాటు పడవ. గాలి ఆ రాత్రే వచ్చింది. రెండు రోజులు నీళ్ళు తోడుతూనే ఉన్నాం. ఆ సంగతి తలుచుకోను నేను, తర్వాత సముద్రంలోకి అడుగు పెట్టలేదు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనిలో చేరాను, నిప్పు దగ్గర.

మా పేటలో పడవ తిరిగిరాకపోతే ఘటాలు ఎత్తుతారు. పడవలో ఎన్నిళ్ళ మగవాళ్ళుంటే అన్ని ఘటాలు, పసుపునీళ్ళు, వేపమండలు, ఆ ఇంటి ఆడదే నెత్తిన పెట్టుకుని గంగమ్మ గుడి నుంచి నీళ్ళదాకా నడిచి కెరటంలో పొయ్యాలి. ఒక్క ఇంటి ఘటం తగ్గినా మిగతా ఇళ్ళ ఘటాలు చెల్లవు. మా ఇంట్లో మొయ్యగలిగిన ఆడది మామ్మ ఒక్కతే, అమ్మ పురిటాలు, ముట్టకూడదు. నాలుగు ఘటాలు గుడి దగ్గర తయారుగా ఉన్నాయి. ఐదోది పట్టుకుని పోతమ్మత్త మా గుమ్మం ముందు కూర్చుంది. ఎవరూ తిట్టలేదట, ఎవరూ బతిమాలలేదట, మిగతా ముగ్గురు తల్లులూ వచ్చి ఆవిడ పక్కన ఇసకలో కూర్చున్నారట, అంతే. లోపల అమ్మ ఏడుస్తోంది. మామ్మ చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడి, తర్వాత చేపల గంప కింద పెట్టుకునే చుట్టకుదురు తెచ్చుకుని ‘ఇలాగియ్యి’ అందట. దారి పొడుగునా డప్పుల్లో ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయట, యేసు ప్రభువా యేసు ప్రభువా అని, పక్కన నడిచిన పోతమ్మత్తే చెప్పింది నాకు. వలల కొట్టు ముందు నిలబడి శ్రీరామ్మూర్తి గారు చూశారు.

శ్రీరామ్మూర్తి. సంఘ పెద్ద. అప్పటికీ ఆయనే, ఇప్పటికీ ఆయనే. ఆయన బాప్తిస్మం తీసుకున్న రోజున అన్నదమ్ములు సామాను వీధిలో పారేస్తే ఆరు నెలలు మా ఇంట్లో ఉన్నాడు, మామ్మ చేతి కూడు తిన్నాడు, చారన్నం ఆదివారాలతో సహా. ఆ మనిషే మామ్మని బల్ల దగ్గర్నుంచి లేపాడు. ఆ ఘటానికి దండం పెట్టనన్నందుకే కదా నన్ను మా వాళ్ళు తరిమేశారు, నాతో పాటు కూర్చుని ప్రార్థన చేసిన మనిషి దాన్నే నెత్తిన పెట్టుకుంటే నేనేమైపోవాలి అని ఏడ్చాడట సంఘంలో. ఆయన బాధ ఆయనది. కాదనను. కానీ పంతొమ్మిదేళ్ళా? ఇంకో ముక్క కూడా పట్టుకున్నాడు ఆయన. మమ్మల్ని ఒక ట్రాలర్ వాళ్ళు భీమిలి అవతల చూసి ఎక్కించుకున్నది ఆ మధ్యాహ్నం, మామ్మ ఘటం పోసింది సాయంత్రం. చూశావా, నువ్వు మొయ్యకముందే ప్రభువు వాణ్ణి కాపాడాడు, నీ మోత వట్టిదే, తప్పని ఒప్పుకో అన్నాడు. ‘నాను మోసినప్పుడు నాకు తెలీదు కదా’ అంది మామ్మ. ‘నా మట్టుకి ఆడింకా నీళ్ళల్లోనే ఉన్నాడు.’ అయినా చివరి చాప తప్పలేదు.

నేనూ బతిమాలాను. ఎన్నిసార్లో. ఒక్క మాట అనెయ్యే మామ్మా, తప్పయిందని, వాళ్ళకి కావలసింది ఆ మాటే, లోపల నీ ఇష్టం వచ్చింది అనుకో. నాకు పెళ్ళయినప్పుడు అడిగాను, నా కూతురు పుట్టినప్పుడు అడిగాను, కోపంతో కూడా అడిగాను, నీకు దేవుడి కంటే పంతం ఎక్కువ అని. అప్పుడు మాత్రం నన్ను గట్టిగా చూసింది. ‘నువ్వు రావాలని మోసిన బరువురా అది. తప్పని సెప్తే ఏటని అరదం? నువ్వు రావడం తప్పనా?’ నా మీద ఇంత బరువు పెట్టే హక్కు ఎవరిచ్చారు ఆవిడకి? నేను అడగలేదు. వెళ్ళొద్దంటే వెళ్ళిన వెధవని, ట్రాలర్ ఎక్కి టీ తాగుతున్నాను ఆ టైముకి. టీ తాగుతూ ఉన్నాను, మీరే చూసుకోండి. ఆ టీకి పంతొమ్మిదేళ్ళు ఆవిడ రొట్టె లేకుండా కూర్చుంది.

కండక్టరు దిగి ముందుకెళ్ళి చూసొచ్చాడు. క్రేన్ వస్తోందట. ఇదే మాట ఇరవై నిమిషాల కిందట కూడా చెప్పాడు. ఫోన్ మోగింది. పోతమ్మత్త. ‘ఎక్కడున్నావురా? ఈలు ఇంకా మీటింగులే ఎడతన్నారు. ఆలివ్వకపోతే మానేయమను. మా ఘటం మోసిన మనిషి, మా మనిషి కాదేటి? మన వల్లకాట్లో మారాజులా ఎడదాం, డప్పులు నాను ఎట్టిత్తాను.’ అత్తా, మామ్మకి డప్పులెందుకే అన్నాను. ‘మరేటి సేత్తావురా, పెట్టిలోనే ఉంచీత్తావా’ అంది. పిచ్చిది, మామ్మని నాకంటే ఎక్కువ ప్రేమించిందేమో. మామ్మ బల్లకి దూరమైన ఏడాది పోతమ్మత్త ప్రతి మొదటి ఆదివారం మా ఇంటికి రొట్టె పంపేది, బేకరీ రొట్టె, ఒక పొట్లంలో. మామ్మ తీసుకుని మాకు పంచేది, తను ముట్టేది కాదు.

అవును, పోతమ్మత్త చెప్పినట్టే చెయ్యొచ్చు. పేట వల్లకాడు. సముద్రం వినబడుతుంది. ఎవరినీ ఏదీ అడుక్కోనక్కర్లేదు. కానీ పది రోజుల కిందట, జ్వరం కొంచెం తగ్గి మాట స్పష్టంగా ఉన్న రోజున, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ‘మీ తాత పక్కనెట్టురా నన్ను. ఇంకెక్కడా ఎట్టకు.’ సరే అన్నాను. ఏమీ ఆలోచించకుండా సరే అన్నాను, జ్వరంలో మనిషికి ఏదైనా సరే అంటాం. మొన్న ఆదివారం పాస్టరు వచ్చాడు, మంచం పక్కన కూర్చుని ఎంతో మెల్లగా అడిగాడు, అమ్మా, ఇప్పుడైనా ఆ మాట అంటే ఇక్కడే మీకు బల్ల ఇస్తాను, రొట్టె తెచ్చాను అని. నిజంగానే తెచ్చాడు, చిన్న డబ్బాలో. మామ్మ డబ్బా వంక చూసింది. చాలాసేపు చూసింది. అనేస్తుంది అనుకున్నాను, అనెయ్యాలని కోరుకున్నాను. కళ్ళు మూసుకుంది. ఆయన వెళ్ళిపోయాక నాతో అంది, ‘నాను పోనాక నా నోట్లో నేని మాట నా నోట్లో ఎట్టకండి.’ రెండూ నాకే చెప్పింది. తాత పక్కన పెట్టమంది, ఆ మాట చెప్పొద్దంది. రెండూ ఎలా కుదురుతాయే తల్లీ? ఒకటి చేస్తే ఇంకోటి పోతుంది. ఈ ముడి నా నెత్తిన పెట్టి తను హాయిగా పడుకుంది, ప్రార్థనలో ఊరందరి మోకాళ్ళకీ దారి చూపించిన మనిషి, నాకు ఒక్క దారి చెప్పలేదు.

నాలుగయ్యింది. క్రేన్ వచ్చింది. పక్కాయన వీడియో ఆపి లేచి నిలబడి చూస్తున్నాడు, అందరూ లేచారు, ఎవరో ఈల వేశారు. లారీ అంగుళం అంగుళం పక్కకి జరుగుతోంది. ఫోన్ మోగుతోంది, పాస్టరు. ఎత్తకపోతే? ఎత్తకపోతే వల్లకాడు. ఆవిడ ఒంటరిగా అక్కడ, తాత ఒంటరిగా కానుగ చెట్టు కింద, పక్కన ఖాళీ. ఆ ఖాళీలోకి వాళ్ళు ఇంకెవరినో తెచ్చి పెడతారు. రేపు నేనక్కడికి ఎలా వెళ్ళను.

ఎత్తాను. ‘బ్రదర్, స్పీకర్‌లో పెట్టాను, పెద్దలందరూ వింటన్నారు. సెప్పండి.’ బస్సులో గోల, ఒక చెవి వేలితో మూసుకున్నాను. ఒప్పుకుంది అన్నాను. అటునుంచి ముసలి గొంతు, శ్రీరామ్మూర్తిది. ‘ఏటన్నాది? ఆవిడన్న మాట సెప్పు.’ ఇంకో ముక్క కావాలట ఆయనకి. ఇచ్చాను. ‘ఘటం మొయ్యడం తప్పే అన్నాది. ప్రభువు సెమించాల అన్నాది.’ ఎక్కడా తడబడలేదు నేను. మామ్మ యాసలో, మామ్మ మాటల్లా, మామ్మే అన్నట్టు వచ్చింది.

స్తోత్రం అన్నారు ఎవరో. శ్రీరామ్మూర్తి గారు ఏడుస్తున్నారు, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నారు. ‘నాతో సెప్పొచ్చు కదరా. ఒక్క ఆదివారం ముందు సెప్పినా నా సేత్తో నాను రొట్టి ఇచ్చీవోణ్ని కదా. పంతొమ్మిదేళ్ళు దానికోసరమే సూసేనురా.’ పాస్టరు ఫోన్ తీసుకుని, రండి బ్రదర్, తాతగారి పక్కనే తవ్వమంటున్నాను అన్నాడు. వస్తున్నాను అన్నాను.

బస్సు కదిలింది. అందరూ సీట్లలో కూర్చున్నారు, నేను నిలబడే ఉన్నాను. నేను తిరిగి రావాలని ఘటం మొయ్యడం తప్పు కాదని మామ్మ పంతొమ్మిదేళ్ళు చెప్పుల దగ్గర కూర్చుని చెప్పింది. తప్పేనని ఇప్పుడు నేను చెప్పేశాను.